అటు తిరిగినవాడి పోగు

మా అమ్మాయికీ నాకూ కొన్నేళ్ళుగా ఒకటే వాదన. ఆమె గుంటూరులో నర్సు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దె గది కోసం తిరుగుతుంటే, ఒక ఇంటావిడ గదంతా చూపించి, తాళంచెవి చేతిలో పెట్టి, అప్పుడు నెమ్మదిగా "మీరేమిట్లమ్మా?" అని అడిగిందట. కులం అడగడానికి మా వైపు అదే మాట. అమ్మాయి దాచలేదు. ఆవిడ నవ్వు చెరగకుండానే తాళంచెవి వెనక్కి తీసుకుని, "పైకి నీళ్ళు సరిగ్గా ఎక్కవమ్మా, నీకే ఇబ్బంది" అందట. ఆ రోజు నుంచి మా అమ్మాయికి ఎవరి మీదా నమ్మకం లేదు.

"ఏమీ మారలేదు నాన్నా. అడిగే పద్ధతి ఒక్కటే మారింది" అంటుంది.

"ఎవరో ఒకావిడ అట్లా చేసిందని అందర్నీ ఒకే గాటన కడితే ఎట్లాగమ్మా? నా స్నేహితుల్ని చూడు" అంటాను నేను. జన్మంతా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. వాదనకు రుజువు కావాలని తెలుసు. నా రుజువు వాళ్ళే.

నా స్నేహితులంటే పదో తరగతిలో నాతో చదివిన నలుగురు. ప్రత్తిపాడు పక్కన మా ఊరు. వాళ్ళు ఊళ్ళో రైతుల బిడ్డలు, నేను రోడ్డు దాటాక ఉన్న పల్లెలో కూలివాళ్ళ బిడ్డని. అప్పటి మారుపేర్లే ఇప్పటికీ నడుస్తున్నాయి. లావుగా ఉండేవాడు బండోడు. పేరుకు తగ్గ వ్యాపారమే దొరికింది వాడికి, మార్టూరులో గ్రానైట్ రాళ్ళు పాలిష్ పట్టిస్తాడు. పొట్టిగా ఉండేవాడు బుడ్డోడు, పురుగుమందుల కొట్టు పెట్టాడు. జుట్టు పెంచి మాష్టార్ల చేత తన్నులు తిన్నవాడు జులపాలు. ఇప్పుడు నెత్తిన వెంట్రుక లేదు గానీ పేరు మాత్రం పోలేదు. తాడేపల్లిలో స్థలాలు కొని అమ్ముతుంటాడు. నాలుగోవాడు గెద్ద, నా బెంచీవాడు, ఇప్పటికీ మిరప వేస్తాడు. మా అమ్మ కాయ కోతకు వాళ్ళ చేలోకే వెళ్ళేది.

నన్ను పాస్టరు అనేవాళ్ళు. మా నాన్న చర్చిలో గంట కొట్టేవాడు, అంతకు మించి మాకూ పాస్టరు పనికీ సంబంధం లేదు. అయినా ఆ పేరంటే నాకు ఇష్టంగా ఉండేది. మారుపేరు పెట్టారంటే తమలో కలుపుకున్నట్టే కదా అనుకునేవాణ్ణి.

వాళ్ళు నలుగురూ ఏటా ఎండాకాలం మొదట్లో, మిరపకాయలు కల్లాల్లోంచి లేచిపోయాక, నల్లమలలో ఒక రిజర్వాయరు దగ్గరికి వెళ్ళి, ఒక రాత్రి గుడారం వేసుకుని చేపలు పట్టుకుని వస్తారు. ఆ ఫోటోలు మా వాట్సాప్ గ్రూపులో పెడతారు. నేను ఏటా వాటికి చప్పట్ల బొమ్మ పెట్టేవాణ్ణి. మొన్నటేడు బండోడు ఫోన్ చేశాడు.

"మాష్టారూ, ఈసారి మీరూ రావాలండి. కుదరదంటే ఒప్పుకోం. చేపల్లోకి మీ ఇంటి కారం కాస్త పట్టుకు రండి."

నేను ఎంత పొంగిపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. స్టాఫ్ రూములో చెప్పాను. ఆదివారం చర్చి బయట చెప్పులు తొడుక్కుంటూ కూడా చెప్పాను. అమ్మాయికైతే మరీ దర్జాగా చెప్పాను. ఆమె నా మొహం వంక కాసేపు చూసింది.

"వెళ్ళిరా నాన్నా. వాళ్ళు నిన్ను తమలో ఒకడిగా చూశారంటే ఇక ఈ విషయం మీద నేను నోరెత్తను. వచ్చాక ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్తాను" అన్నాను.

రెండు కార్లలో బయల్దేరాం. నేను గెద్ద కారులో ఎక్కాను. నరసరావుపేట, వినుకొండ దాటాయి. దారి పొడుగునా పీకేసిన పత్తి కట్టె కుప్పలు, ఎండిపోయిన మిరప చేలు. ఆ తర్వాత నేల ఎర్రబడి, రాళ్ళు తేలి, కొండలు దగ్గరపడ్డాయి. అడవిలోకి మళ్ళాక కారు అద్దాలకు రెండు పక్కలా కొమ్మలు గీసుకుంటూనే ఉన్నాయి. జులపాలుకు ఎవరో తెలిసినవాళ్ళు ఉండబట్టి గేటు దగ్గర అడ్డం రాలేదు. ఎండాకాలం గనక నీళ్ళు బాగా దిగిపోయాయి. కట్ట కట్టినప్పుడు మునిగిన చెట్ల మొదళ్ళు నల్లగా బయటపడ్డాయి. ఎవరివో పాత పొలాల గట్లు కూడా తేలాయి. గట్లను చూసి గెద్ద కారు దిగీ దిగక ముందే "ఎవడి పొలమో గానీ మంచి నేలరా" అన్నాడు. రైతు ఎక్కడికి పోయినా రైతే.

బండోడు కొత్త గుడారం కొనుక్కొచ్చాడు. దాన్ని నిలబెట్టడం ఐదుగురిలో ఒక్కరికీ చేతకాలేదు. నేను ఇంగ్లీషు కాగితం చదివి చెబుతుంటే వాళ్ళు కర్రలు తలకిందులుగా గుచ్చారు. చివరికి గెద్ద తన కారు డిక్కీలోంచి మిరపకాయలు ఎండబోసే టార్పాలిన్ పట్టా తీశాడు. నాలుగు చెట్లకు కట్టి, కింద నడుం వాల్చాం. ఎండకు పట్టా వేడెక్కేసరికి అందులో దాగిన మిరప ఘాటంతా లేచింది. ఒకడు తుమ్మాడు, వాణ్ణి చూసి నవ్విన వాడు దగ్గాడు, ఆ తర్వాత ఐదుగురమూ కళ్ళ నీళ్ళు కారుస్తూ బయటికి పరుగెత్తాం. బుడ్డోడు నా భుజం పట్టుకుని నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. ఆ నవ్వు మాత్రం నిజమైన నవ్వే. ఎంత కోపంగా ఉన్నా ఆ సంగతి కాదనలేను.

సాయంత్రం గాలాలు వేశాం. వాళ్ళవి చక్రాలు తిరిగే ఖరీదైన గాలాలు. నాకు ఒక వెదురు కర్ర ఇచ్చారు. చిన్నప్పుడు కాలవలో పట్టినవాణ్ణి కాబట్టి నాకు అదే నయం. వాళ్ళ ఎర పిండి ముద్దలు, నేను తడి మట్టి తవ్వి వానపాముల్ని పట్టుకున్నాను. వాళ్ళకి జిలేబీ చేపలు, చిన్న జెల్లలు పడ్డాయి. కాసేపటికి నా బెండు ఒక్కసారిగా మునిగింది. లాగితే రాలేదు. గెద్ద మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, రెండు చేతులా వాటేసుకుని తెచ్చాడు. బొచ్చె. పొట్ట మీద పొలుసు వెండిలా మెరుస్తోంది.

"ఒరేయ్, మాష్టారు కొట్టారురా!" అని అరిచాడు బండోడు. "దీన్ని ఇప్పుడు కొయ్యమాకండి. ఐసు పెట్టెలో పెట్టండి, పొద్దున పోగుల్లో వేద్దాం."

వాళ్ళలో వాళ్ళు ఒరేయ్ అనుకుంటారు, నన్ను మాత్రం మాష్టారూ అంటారు, అండి అంటారు. ఎంత గౌరవమో అనుకున్నాను అప్పుడు. గౌరవం ఇచ్చి దూరం పెట్టడం కూడా ఒక పద్ధతే అని నాకెవరూ పాఠం చెప్పలేదు.

మిగతా చేపలు ఆ రాత్రి కూరకి. వాళ్ళు కుర్చీలు వేసుకుని గ్లాసుల ముందు కూర్చున్నారు. నాకు తాగే అలవాటు లేదు. ఊరికే కూర్చోవడం ఎందుకని కత్తి తీసుకున్నాను. రాయి మీద పొలుసు గీకి, కడుపులు తీసి, ఉప్పు వేసి రుద్ది కడిగాను. చింతపండు పిసికాను. పొయ్యి కోసం పుల్లలు నేనే ఏరాను. అప్పుడప్పుడు ఒకడు గ్లాసుతో సహా వచ్చి వాసన చూసి, "అబ్బ! మాష్టారి చెయ్యి పడితే ఇంకేముంది" అని వెళ్ళిపోయేవాడు. పులుసు బాగానే కుదిరింది. అందరం కలిసే తిన్నాం, ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని, ఒకేరకం పేపరు ప్లేట్లలో. పేపరు ప్లేట్లు వచ్చాక అంటు ఎక్కడుందో కనిపెట్టడం కష్టమైపోయింది. తిన్నాక అన్నీ కలిపి మంటలో వేస్తాం, ఎవరి ప్లేటు ఏదో నిప్పుకు మాత్రం ఏం తెలుస్తుంది! ఆ రాత్రి మాత్రం నాకు ఇంత అనుమానం లేదు. కడుపు నిండింది, మనసు కూడా నిండింది. అమ్మాయికి ఏమేం చెప్పాలో వరుసగా సర్దుకుంటూ పడుకున్నాను.

తెల్లవారాక వాళ్ళు మళ్ళీ గాలాలు పట్టుకుని వెళ్ళారు. నేను టీ కాచి ఇచ్చాను. ఆ పొద్దు చేపలు ఎగబడి పడ్డాయి. వాళ్ళు కేకలు వేసుకుంటూ బకెట్లు నింపుతుంటే నేను రాత్రి గిన్నెలు నీళ్ళ ఒడ్డుకు తీసుకుపోయి, ఇసకతో తోముతున్నాను. ఎవరూ తోమమనలేదు. వంట చేసినవాడు గిన్నె కూడా కడిగితే పనైపోతుందని నేనే అనుకున్నాను. అలా అనుకోవడం నా రక్తంలోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ క్షణంలో ఆలోచించలేదు.

గిన్నెలు బోర్లించి పైకి వచ్చేసరికి వాళ్ళు పోగులు వేస్తున్నారు.

పోగుల సంగతి చెప్పాలి. మా పల్లెలో పండగకి మేకను కోస్తే, మాంసం పోగులు పోగులుగా ఆకుల్లో పెడతారు. ఎంత జాగ్రత్తగా సర్దినా ఒక పోగులో ఎముక ఎక్కువ, ఇంకో దాంట్లో కండ ఎక్కువ. తగాదా రాకుండా ఒకరు అటు తిరిగి నిలబడతారు. ఇంకొకరు ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరికి?" అంటారు. అటు తిరిగినవాడు చూడకుండా ఒక పేరు చెబుతాడు. ఎవరి పేరొస్తే పోగు వాళ్ళది. చెప్పేవాడు అందరి పేర్లూ చెప్పి, తన పేరు చివర చెప్పుకుంటాడు. మిగిలిందేదో అదే అతనిది. అందుకని మా దగ్గర అటు తిరగమని నమ్మకమైన మనిషినే అడుగుతారు. ఎక్కువగా మా నాన్నని అడిగేవాళ్ళు. మంచాన పడ్డ ముసలమ్మకీ, ఆ రోజే ఊరి నుంచి వచ్చిన చుట్టానికీ కూడా పోగు ఉండేది. అక్కడ ఉన్న మనిషికి పోగు లేకపోవడం అనేది నేను ఎరగను.

"మాష్టారూ, చేతులు తుడుచుకుని ఇట్టా రండి. అటు తిరిగి నిలబడండి" అన్నాడు బండోడు.

నా ఛాతీ ఎంత ఉబ్బిందో! అటు తిరిగి నీళ్ళ వైపు మొహం పెట్టి నిలబడ్డాను. మా నాన్న చేతులు వెనక్కి కట్టుకునేవాడు, నేనూ అట్లాగే కట్టుకున్నాను.

"ఇది ఎవరికి?" గెద్ద గొంతు.

"బుడ్డోడికి."

"ఇది?"

"జులపాలుకి. కాస్త జుట్టు మొలిచే చేప చూసి ఇవ్వండి." అందరూ నవ్వారు.

"ఇది?"

"బండోడికి."

"ఇది?"

"గెద్దకి."

తర్వాతి ప్రశ్న కోసం ఆగాను. వెనక సంచుల చప్పుడు వినపడింది గానీ ప్రశ్న రాలేదు. గెద్ద తమాషా చేస్తున్నాడనుకున్నాను. నవ్వుతూ, అటు తిరిగే ఉండి, గట్టిగా అన్నాను.

"ఇక మిగిలింది పాస్టరుదే గదరా!"

ఎవరూ నవ్వలేదు. ఇటు తిరిగాను. నేల మీద నాలుగు టేకు ఆకులున్నాయి. నాలుగూ ఖాళీ. నలుగురి చేతుల్లో నాలుగు సంచులు. నా బొచ్చెను ముక్కలు చేసి నాలుగు వాటాల్లోనూ సర్దేశారు.

"అయ్యో, మాష్టారికి వెయ్యలేదేందిరా?" అన్నాడు జులపాలు.

"మాష్టారు వంటకి గదా వచ్చింది..." అని బండోడు మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, "అంటే, మాష్టారు ఇంటికి పట్టుకెళ్తారనుకోలా. ఉండండి, ఉండండి. తలా నాలుగు తియ్యండిరా" అన్నాడు.

వాళ్ళు సంచుల్లో చెయ్యి పెట్టి ఏరడం మొదలుపెట్టారు. నేను నిలబడి చూశాను. చెయ్యి లోపలికి వెళ్ళి, ఒక చేపను తడిమి, దాన్ని వదిలేసి, ఇంకోదాన్ని పట్టుకోవడం సంచి బయట నుంచి కూడా తెలుస్తుంది. చిన్న జిలేబీలు వచ్చాయి, తోక దగ్గరి ముక్కలు వచ్చాయి. ఇవ్వడం మొదలయ్యాక వాళ్ళకే సరదా పుట్టింది. ఇంకో రెండు వెయ్యి, ఇంకో రెండు వెయ్యి అనుకుంటూ నా సంచి నింపేశారు. ఆఖరున బుడ్డోడు బొచ్చె తలకాయ తెచ్చి పైన పెట్టాడు.

"మీరు పట్టిందేనండి. పులుసులోకి తలకాయకి మించింది లేదు."

వద్దంటే అలిగినట్టు, తీసుకుంటే అడుక్కున్నట్టు. నేను తీసుకున్నాను. "చాల్లే, చాల్లే, ఎందుకిన్ని" అని కూడా అన్నాను. ఆ మాట అన్న నా నోటిని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

వెనక్కి వచ్చేటప్పుడు మిగతావాళ్ళు బండోడి కారులో అద్దంకి వైపు వెళ్ళిపోయారు. గెద్ద, నేను మిగిలాం. ఆ నలుగురిలో గెద్ద ఒక్కడే నన్ను నువ్వు అంటాడు, అదీ పక్కన ఎవరూ లేనప్పుడు. వినుకొండ దగ్గర పడ్డాక వాడే అందుకున్నాడు.

"నువ్వు మనసులో పెట్టుకోమాక. మా ఇళ్ళల్లో అటు తిరిగేవాడికి పోగుండదు. వాటా ఉన్నోడు తిరిగితే ముందే చూసి పెట్టుకుంటాడని అనుమానం గదా. అందుకని వాటా లేనోణ్ణి తిప్పుతాం. పాలేరునో, కూలోణ్ణో..."

అక్కడ ఆగిపోయాడు. కారు వేగం కూడా తగ్గింది.

"నిన్ను అట్టా అనుకుని కాదు. అలవాటు. పోగులేసేటప్పుడు నీ మాట నిజంగా తట్టలా."

వాడు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తట్టలేదు. నన్ను మండించింది అదే. కావాలని ఎగ్గొట్టి ఉంటే కనీసం ఒకసారి నన్ను తలుచుకుని ఉండేవాళ్ళు. వీడికి వద్దు అని ఒకడు అని ఉండేవాడు, పోనీలేరా అని ఇంకొకడు అని ఉండేవాడు. నా గురించి ఒక మాట నడిచి ఉండేది. నాలుగు ఆకులు పరిచేటప్పుడు ఐదో ఆకు అనే ఆలోచనే వాళ్ళకు రాలేదు. ఇన్నేళ్ళుగా నా కూతురి ముందు నేను రుజువుగా చూపించిన స్నేహం ఇది. కారు ఆపించి, ఆ సంచి వాడి మొహాన కొట్టి, బస్సెక్కి ఇంటికి పోవాలనిపించింది.

"పర్లేదులేరా" అన్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. అమ్మాయికి ఆ రోజు సెలవు, వచ్చి ఉంది. నా భార్య సంచి అందుకోబోయి, బరువుకు చెయ్యి జారి, రెండు చేతులా పట్టుకుంది.

"ఇన్ని చేపలా! ఒక్కొక్కళ్ళకి ఇంత వచ్చిందా?" అంది.

అమ్మాయి నా వంకే చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పమంది కదా. బట్టలు మార్చుకుని చెబుదామనుకున్నాను. తిన్నాక చెబుదామనుకున్నాను. ఆమె ఆగలేదు.

"అందరికీ ఇంతేనా నాన్నా?"

"లేదమ్మా. నాకే కాస్త ఎక్కువ ఇచ్చారు" అన్నాను. తూకం వేసి చూస్తే అది అబద్ధం కూడా కాదు. అబద్ధం కాని మాటతో మోసం చేయడం ఇంత సులువని నాకు ఆ రోజే తెలిసింది.

"నువ్వు కూడా పట్టావా?"

"పట్టాను. అందరికంటే పెద్దది నాకే పడింది. పోగులు వేసేటప్పుడు నన్నే అటు తిరగమన్నారు. మీ తాతయ్యని పిలిచినట్టు పిలిచారు."

ఆమె వంటింట్లోకి వెళ్ళి వాళ్ళమ్మతో కలిసి చేపలు కడిగింది. భోజనాల దగ్గర నా కంచంలో తలకాయ వేశారు.

"నాన్నా, నీకో మాట చెప్పలేదు" అంది చివరికి. "మా వార్డులో నాతో పనిచేసే ఒకమ్మాయి ఉంది. వాళ్ళింటి పైన గది ఖాళీ అయింది, వచ్చి ఉండమని చాలా రోజుల నుంచి అడుగుతోంది. మనవాళ్ళు కాదు, నీ స్నేహితుల్లాగా ఊళ్ళో వాళ్ళే. నేనే వద్దంటూ వస్తున్నాను. మళ్ళీ ఆ మొహాలు చూడాలంటే భయమేసింది. ఇప్పుడు అనిపిస్తోంది, నేనే అందర్నీ ఒకేలా చూస్తున్నానేమోనని."

"మన సంగతి వాళ్ళ అమ్మానాన్నలకు తెలుసా?" అని అడిగాను.

"ఇంకా చెప్పలేదంట. చెబితే ఏమవుతుంది నాన్నా? నిన్ను చూసుకున్నట్టే నన్నూ చూసుకుంటారు."

అప్పటికైనా చెప్పాల్సింది. నా కూతురు మొట్టమొదటిసారి నా మాట నమ్మింది. ఆ మొహంలో ఇంత వెలుగు చూసి చాలా కాలమైంది. ఆ వెలుగు నా చేత్తో ఆర్పడానికి ధైర్యం చాల్లేదు.

"అవునమ్మా, బాగానే చూసుకుంటారు" అన్నాను.

ఆమె చెయ్యి కూడా కడుక్కోకుండా ఎడమ చేత్తో ఫోను తీసి, ఆ అమ్మాయికి ఫోన్ చేసి, గది తీసుకుంటానని చెప్పేసింది.